తెనాలి అని నేనే చెప్పాను

జూలై 9, మంగళవారం, సాయంత్రం నాలుగున్నర. భట్టిప్రోలు రైల్వే స్టేషను.

ఉన్నవారు: సిమెంటు బెంచీ మీద పడుకుని నేను. నా తల ఒళ్ళో పెట్టుకున్న పూలమ్మే ఆవిడ, పేరు తెలియదు. ఫోను ఎత్తి నన్ను వీడియో తీస్తున్న చారల చొక్కా మనిషి. చుట్టూ మూగిన పది పన్నెండు మంది. అంబులెన్సులో వచ్చిన ఎస్తేరు, ఆ బండి డ్రైవరు. మా అబ్బాయి ప్రసాదు లేడు. అప్పటికి రేపల్లెలో తన విత్తనాల కొట్లో ఉన్నాడు.

ఇది ఆ రోజు రాసిన పేజీ కాదు. ఆ రోజు, ఆ తర్వాత ఐదు రోజులు, నా డైరీ ఖాళీగా ఉంది. కాలువల శాఖలో ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నేను రాయని రోజులు చాలా తక్కువ. ఇప్పుడు ఒంట్లో కాస్త నిలకడ వచ్చింది కాబట్టి గుర్తున్నది గుర్తున్నట్టు రాస్తున్నాను. రాస్తూ ఉంటే ఒకచోట కూర్చోగలుగుతున్నాను, అది ఒక కారణం. నాలాగా ఇంట్లోవాళ్ళకి తెలియకుండా మాత్రలు వేసుకునేవాళ్ళు ఇంకా ఉంటారు, వాళ్ళు చదివితే మంచిదన్నది ఇంకో కారణం.

ఆ మధ్యాహ్నం తెనాలి నుంచి రేపల్లె పాసింజరులో ఇంటికి వస్తున్నాను. వేమూరు దాటాక కాళ్ళు నావి కానట్టు అనిపించింది. నోరు ఎండిపోయింది. కిటికీ ఊచ పట్టుకుంటే చెయ్యి జారిపోతోంది. భట్టిప్రోల్లో ఎవరో ఇద్దరు చంకల కింద చేతులు వేసి దించి బెంచీ మీద పడుకోబెట్టారు. మొహం మీద నీళ్ళు చల్లారు. ఎవరో ఫోను చేశారు. బండి వచ్చింది.

ఎస్తేరుకి ముప్పై అయిదేళ్ళుంటాయి. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "బాబాయ్ గారూ, నా పేరు ఎస్తేరండి, అంబులెన్సులో టెక్నీషియన్ని. మీ చెయ్యి పట్టుకుని బీపీ చూడొచ్చాండి?" అంది.

"చూడ్డానికేగా వచ్చావు, మళ్ళీ అడగడం ఏంటమ్మా," అన్నాను.

"మెలకువగా ఉన్నవాళ్ళని అడక్కుండా చెయ్యి వెయ్యకూడదండి."

అప్పటిదాకా పదిమంది చేతులు నా మీద పడ్డాయి. అడిగింది ఈవిడ ఒక్కతే. సరేనన్నాను. పేరు అడిగింది, చెప్పాను. ఇవాళ ఏం వారం అంది, మంగళవారం అన్నాను. ఎక్కడున్నారు అంటే, "భట్టిప్రోలు. రైలు పదకొండు నిమిషాలు లేటు," అన్నాను.

ఆవిడ నవ్వింది. "మీ తల బానే పనిచేస్తందండి. కాళ్ళే మాట వినట్లేదు." ఎడం చేతికి బీపీ చూసి, ఏమనుకుందో, కుడి చేతికి కూడా చూసింది.

చారల చొక్కా మనిషి ఇంకా దగ్గరికి వచ్చాడు. ఎస్తేరు తల తిప్పి, "ఆ ఫోను దించండన్నా," అంది.

"ఊరికే, మావాళ్ళకి చూపిద్దామని."

"మీవాళ్ళకి ఈయన తెలుసా?"

"తెలీదు."

"మరి చూసి ఏం చేస్తారు?"

అతను దించలేదు. డ్రైవరు దుప్పటి విప్పి అడ్డం పట్టుకున్నాడు. పూలావిడ నా తల కింద నుంచి ఒళ్ళు కదపకుండానే, "నన్ను కూడా తీశావా ఏంటి? మూర మల్లెపూలు కొన్నవాడివి కాదు, ఉత్తినే తీసుకుపోతావా?" అని గట్టిగా అంది. జనం నవ్వారు. అప్పుడు ఫోను జేబులోకి వెళ్ళింది.

బండి తలుపు వేశాక ఎస్తేరు కాగితం తీసింది. ఏం మాత్రలు వాడతారని అడిగింది. బీపీకి ఒకటి అన్నాను. ఇంకా అంది. చెయ్యి చొక్కా మీద పెట్టుకున్నాను.

"ఇక్కడ మీరూ నేనేనండి. ముందున్న డ్రైవరుకి వినపడదు. మీరు చెప్పింది మీకు వైద్యం చేసే డాక్టరుకి చెప్తాను. మీరు చెప్పమంటే తప్ప ఇంకెవరికీ చెప్పకూడదు. అది మా రూలండి."

చొక్కా లోపలి జేబులోంచి మాత్రల రేకు తీసి ఇచ్చాను. చదివింది. ఆవిడ ముఖం నేను జాగ్రత్తగా చూశాను. ఏమీ మారలేదు. ఎన్నాళ్ళ నుంచి అని మాత్రం అడిగింది. మూడేళ్ళు అన్నాను. ఆ డాక్టరుగారు ఎక్కడంటే, తెనాలి అన్నాను.

"రేపల్లె దగ్గరండి. తెనాలికి ఇంకో పావుగంట ఎక్కువ పడుతుంది. మీ బీపీ చూస్తే ఆ పావుగంటకి ఏం కాదు. ఎటు తీసుకెళ్ళమంటారు?"

"తెనాలి. మా అబ్బాయికి ఈ మాత్ర సంగతి చెప్పొద్దు."

"మీ ఇష్టం. ఇక్కడో సంతకం పెట్టండి." పెట్టాను. చెయ్యి వణికి గీతలు ఎటో పోయాయి. అలాంటి సంతకం నేను ఎన్నడూ పెట్టలేదు.

ఆ మాత్ర దేనికో ఇక్కడ రాస్తున్నాను. నా భార్య సుగుణ పోయి నాలుగేళ్ళు. మొదటి ఏడాది గడిచాక ఒకరోజు పాత డైరీ తిరగేస్తే, పేజీ నిండా రాసే నేను రోజుకి రెండు మాటలు రాస్తున్నాను. లేచాను, తిన్నాను. కొన్ని రోజులు లేచాను అని కూడా లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి కాలువలో నీటిమట్టం చూసి రిజిస్టర్లో రాయడం నా పని. మట్టం వరసగా పడిపోతుంటే పై ఆఫీసుకి కబురు చెయ్యాలి. చేశాను. తెనాలిలో ఒక మానసిక వైద్యుడి దగ్గరికి ఒక్కణ్ణే వెళ్ళాను. మాత్రలిచ్చాడు. నెలకో మంగళవారం రమ్మన్నాడు. నెమ్మదిగా పేజీలు మళ్ళీ నిండాయి.

ఇంట్లో చెప్పలేదు. మా చిన్నాన్నకి కుర్రతనంలో కొన్నాళ్ళు మతి చెదిరింది. తర్వాత నయమైంది, సేద్యం చేసుకున్నాడు, పిల్లల్ని పెంచాడు. అయినా ఒకసారి గట్టు తగాదాలో సాక్ష్యం చెప్పబోతే పెద్దలు నవ్వి, "నువ్వు కూర్చోవయ్యా," అన్నారు. ఆయన కూర్చున్నాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. మా ఇంట్లో, మా వీధిలో ఏ తగాదా వచ్చినా నా డైరీ తెమ్మంటారు. ఫలానా ఏడాది కాలువకి నీళ్ళు ఎప్పుడు వదిలారు, ఫలానా గోడ ఎవరు ముందు కట్టారు. అందులో ఉంటే అదే ఆఖరు మాట. ఆ మాట పోతుందని నా భయం. అందుకే ఆ మంగళవారాల పేజీల్లో "తెనాలి, పళ్ళ డాక్టరు" అని రాశాను.

జూలై 9 సాయంత్రం నుంచి 14 దాకా, తెనాలి ఆసుపత్రి.

బండిలోంచే ఎస్తేరు ఫోను చేస్తే ప్రసాదు గంటలో వచ్చాడు. బండి వెళ్ళిపోతుంటే తలుపు దగ్గర ఎస్తేరుని పట్టుకున్నాడు. నేను చక్రాల మంచం మీద ఉన్నాను. అంతా వినపడుతోంది.

"రేపల్లె పక్కనే పెట్టుకుని ఇంత దూరం ఎందుకు తెచ్చావమ్మా?"

"ఆయనే అడిగారండి."

"ఎందుకడిగాడు?"

"అది ఆయన్నే అడగండన్నా. నేను చెప్పకూడదు."

"మా నాన్న సంగతి నాకు చెప్పకూడదా? నువ్వెవరు?"

ఆవిడ నా వైపు ఒకసారి చూసింది. నేను కళ్ళు మూసుకున్నాను.

ఒంట్లో ఉప్పు బాగా తగ్గిపోయిందన్నారు. బీపీ మాత్ర, ఆ రెండో మాత్ర కలిసి అలా చేశాయట. డాక్టరు నాకు విడిగా చెప్పాడు. ప్రసాదుతో మాత్రం, "మాత్రల వల్లే, మార్చాం," అని ఊరుకున్నాడు. వాడు బీపీ మాత్ర అనుకున్నాడు. ఆ రాత్రికి నాకు తెలివి తప్పింది. రెండు రోజులు ఏం మాట్లాడానో తెలియదు. సుగుణని కాఫీ తెమ్మన్నానట. ఆ రెండు రోజులు ప్రసాదు బయట హాల్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ప్రతి నర్సుని లేచి అడిగి, ప్రతి ఫోనులో అరిచాడట. పక్క మంచం ఆయన భార్య, పొన్నూరు నుంచి వచ్చినావిడ, నాకు తెలివి వచ్చాక చెప్పింది. "మీవాడు ఫోన్లో మాట్లాడుతుంటే సెలైను కూడా జడిసి ఆగిపోతందండి. పాపం, తిండి తినట్లేదు. నేనే ఇంత పులిహోర పెట్టాను." ఆవిడకి మేమెవరమో తెలియదు.

నాలుగో రోజు వాడు నా మంచం మీద కూర్చుని, "నాన్నా, తెనాలి తీసుకెళ్ళమని నువ్వు చెప్పావా?" అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. గడ్డం పెరిగింది. నా నోట్లో ఉన్నది అవును అనే ఒక్క మాట.

"గుర్తు లేదురా," అన్నాను.

ఈ జబ్బులో నన్ను ఎక్కువ బాధపెట్టింది కాళ్ళు కాదు, ఉప్పు కాదు. ఈ మాట.

జూలై 22, సోమవారం, రేపల్లె ఇల్లు.

ప్రసాదు మళ్ళీ బాపట్ల వెళ్ళి వచ్చాడు. అక్కడ అంబులెన్సుల జిల్లా ఆఫీసులో వారం కిందటే ఫిర్యాదు ఇచ్చాడట. స్పృహ సరిగా లేని మనిషి చేత సంతకం పెట్టించుకుని, దగ్గరున్న ఆసుపత్రి వదిలి దూరం తీసుకెళ్ళారని. నేను పెట్టిన సంతకం తాలూకు నకలు తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇది నీ సంతకమేనా? చూడు."

"నా సంతకంలా లేదు," అన్నాను. అబద్ధం కాదు. నిజమూ కాదు.

"అదే నేను చెప్పాను వాళ్ళకి. ఆవిడ్ని బండి దింపేశారంట. ఆగస్టు ఒకటిన విచారణ. నువ్వూ రావాలి."

ఆ రోజు నుంచి నేను కుదురుగా కూర్చోలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎటు వెళ్ళాలో తెలియదు. పేపరు ఒకే పేజీ మూడుసార్లు చదివేవాణ్ణి. వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి పద్దెనిమిది అడుగులు. మా కోడలు లక్ష్మి చూసి చూసి, "మామయ్య గారూ, గచ్చు అరిగిపోతందండీ, కాసేపు దానికి కూడా విశ్రాంతి ఇవ్వండి," అంది. నవ్వాను. వెంటనే మళ్ళీ నడిచాను.

లెక్క వేసి చూసుకున్నాను. చెప్పకపోతే ఆవిడ ఉద్యోగం పోతుంది. చెప్పాలంటే, ఎందుకు తెనాలి అన్నది చెప్పాలి. అది చెప్తే డైరీ అబద్ధమని తేలుతుంది. మనసుకి మందు వాడే మనిషిని, ఆ రోజు నాకు తెలివి సరిగానే ఉందని చెప్తే ఎవరు నమ్ముతారు? నా మాట ఆవిడకి మేలు చెయ్యకపోగా ఇంకా ముంచుతుందేమో. ఇలా ఒక పేజీ రాసి చింపేశాను. డైరీలో పేజీ చింపడం అదే మొదటిసారి.

భోజనాల దగ్గర చెప్దామనుకున్నాను. ప్రసాదు అన్నం కలుపుతూ, "నీకేమన్నా అయ్యుంటే ఏం చేసేవాణ్ణి నాన్నా," అన్నాడు. కూర గిన్నె వాడి వైపు జరిపాను.

ఆగస్టు 1, గురువారం, బాపట్ల.

ఉన్నవారు: విచారణ చేసే ఆఫీసరు, టైపు చేసే గుమాస్తా, ఎస్తేరు, ప్రసాదు, నేను.

చెరుకుపల్లి మీదుగా బస్సులో వెళ్ళాం. ప్రసాదు ఒళ్ళో సంచీ, అందులో నా డైరీ. మూడుసార్లు వాడి చెయ్యి తట్టాను. మూడుసార్లూ "ఏంటి నాన్నా, మంచినీళ్ళా?" అన్నాడు. మూడుసార్లూ తాగాను.

ఆఫీసు వరండాలో బల్ల మీద ఎస్తేరు ముందే వచ్చి కూర్చుంది. ప్రసాదు కాగితాలు ఇవ్వడానికి లోపలికి వెళ్ళగానే దగ్గరికి వచ్చి, "కాళ్ళు ఎలా ఉన్నాయి బాబాయ్ గారూ?" అంది.

"బానే ఉన్నాయమ్మా. నీకు పని లేకుండా చేశాం."

"మా అత్తగారికి పండగండి. ఇన్నాళ్ళకి కోడలు ఇంట్లో వంట చేస్తందని." తర్వాత, "జీతం ఆగుద్దేమోనని దిగులు, అంతే," అంది.

"నువ్వు చెప్పెయ్యకపోయావా? మాత్ర సంగతి చెప్తే అయిపోయేది కదా."

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. "మీరు చెప్పమనలేదుగా."

లోపలికి పిలిచారు. ఆఫీసరు ప్రసాదు వయసువాడు. ప్రసాదు డైరీ బల్ల మీద పెట్టి తెరిచాడు. "సార్, మా నాన్న రాసినదాంట్లో అక్షరం తేడా ఉండదు. మే 14, తెనాలి, పళ్ళ డాక్టరు. జూన్ 11, తెనాలి, పళ్ళ డాక్టరు. ఆయనకి తెనాల్లో తెలిసిన డాక్టరు ఈ పళ్ళాయన ఒక్కడే. కళ్ళు తిరిగి పడిపోయినవాడు పళ్ళ డాక్టరున్న ఊరికి తీసుకెళ్ళమంటాడా?"

గుమాస్తా నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నాడు. ఆఫీసరు ఎస్తేరు వైపు తిరిగాడు. "ఏమ్మా?"

"ఆయనే తెనాలి అన్నారండి. కారణం కూడా చెప్పారు."

"ఏంటా కారణం?"

"నేను చెప్పకూడదండి."

"విచారణలో నాకు కూడా చెప్పవా?"

"ఆయన ఎదురుగానే ఉన్నారు కదండీ. ఆయన సరే అంటే చెప్తాను. లేకపోతే మీరేం రాసినా తీసుకుంటాను."

నలుగురూ నా వైపు చూశారు. కుర్చీలోంచి లేచాను. లేవనక్కర్లేదన్నారు. కూర్చుంటే చెప్పలేనని నాకు తెలుసు.

"తెనాలి అని నేనే చెప్పాను. ఆ డైరీలో ఉన్నది అబద్ధం. అక్కడ నాకున్నది మనసు డాక్టరు. మూడేళ్ళుగా మాత్రలు వాడుతున్నాను. మావాడికి చెప్పొద్దన్నది కూడా నేనే."

ప్రసాదు, "గుర్తు లేదన్నావు కదా నాన్నా," అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు.

"గుర్తుందిరా."

ఆఫీసరు నా వైపు తిరిగాడు. నేను భయపడిన ప్రశ్నే అడిగాడు. "పెద్దాయన గారూ, ఏమీ అనుకోకండి. ఆ మందు వాడుతున్నారు, ఆ రాత్రికి తెలివి కూడా తప్పింది. బండిలో సంతకం పెట్టేటప్పుడు మీకు తెలిసే పెట్టారని ఎలా అనుకోమంటారు?"

"ఏం జరిగిందో చెప్తాను. మీ దగ్గరున్న కాగితంతో సరిచూసుకోండి."

చెప్పాను. వారం అడిగింది, ఊరు అడిగింది. రైలు లేటు సంగతి చెప్పాను. బీపీ ముందు ఎడం చేతికి, తర్వాత కుడి చేతికి చూసింది. రేపల్లె దగ్గర, తెనాలికి పావుగంట ఎక్కువ అని చెప్పి, ఎటు అని అడిగింది. దుప్పటి అడ్డం పట్టింది డ్రైవరు. ఆఫీసరు వేలు కాగితం మీద ఒక్కో వరసా దిగుతూ వచ్చింది. రెండు చేతుల బీపీ అందులో ఉంది. అడిగిన ప్రశ్నలూ, జవాబులూ ఉన్నాయి. అడుగున, రైలు పదకొండు నిమిషాలు లేటని కూడా రాసి ఉంది.

ఆఫీసరు కాగితం పక్కన పెట్టి, "మీరు మాత్ర సంగతి ఇక్కడ చెప్పనక్కర్లేదండి," అన్నాడు. "తెనాలి నేనే అడిగానన్న ఒక్క మాట చాలు. ఎందుకన్నది మీ సొంత విషయం. రికార్డులో కూడా అదేం రాయించను." గుమాస్తాతో కొన్ని వరసలు కొట్టెయ్యమన్నాడు. ఎస్తేరుకి మాత్రం, రోగి కోరిక అని ఆ కాగితంలో ఒక గడి ఉంటుంది, అది ఖాళీగా వదిలేశావని మందలించాడు. ఒక నకలు కుటుంబానికి వెళుతుంది కాబట్టి రాయలేదందావిడ. కారణం వద్దు, కోరిక రాయాలి అన్నాడు. సరేనంది.

ఒక్క మాట చాలు. ఆ మాట ఆసుపత్రి మంచం మీదే నా నోట్లో ఉంది. ఇది చదివేవాళ్ళకి నేను చెప్పదలుచుకున్నది కూడా అంతే. రహస్యం దాచుకోండి, అది మీ హక్కు. దాన్ని కాపాడిన మనిషిని మాత్రం అబద్ధాలకోరుని చెయ్యకండి.

తిరుగు బస్సులో ప్రసాదు కిటికీ వైపు కూర్చున్నాడు. చెరుకుపల్లి దాటాక, "ఆవిడకి తెలుసు. డాక్టర్లకి తెలుసు. ఇవాళ ఆ గుమాస్తాకి కూడా తెలిసింది," అన్నాడు.

"నీకు చెప్తే ఏం చేసేవాడివి?"

"ఊరంతా డాక్టర్లని కనుక్కునేవాణ్ణి. నీ మాత్రలు నేనే లెక్కపెట్టేవాణ్ణి. నీ వెనకే తిరిగేవాణ్ణి."

"అదే."

"అదేం తప్పు నాన్నా?"

తప్పని నేననలేదు. ఇంటికి వచ్చేదాకా ఇద్దరం ఆ మాట దగ్గరే ఆగిపోయాం.

ఆగస్టు 2, శుక్రవారం, పొద్దున.

ఆరింటికి లేచాను. నీటిమట్టం రిజిస్టర్లో తప్పు పడితే చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పైన సరైనది రాసి, పక్కన సంతకం చెయ్యాలి. మే 14, జూన్ 11, అంతకు ముందువి, మూడేళ్ళవీ అలాగే దిద్దుకుంటూ వచ్చాను. ఏడున్నర అయింది. ఎస్తేరు ఫోను చేసి, మళ్ళీ బండెక్కానండి అంది. మీ అబ్బాయి పొద్దున్నే మెసేజి పెట్టారండి, తప్పు అయిపోయింది అక్కా అని, అంది. వెనకాల హారను మోగుతోంది, మళ్ళీ చేస్తానని పెట్టేసింది.

మాత్ర మార్చాక ఒకసారి చూపించుకోమన్నారు. తెనాలి వెళ్ళాలి. ప్రసాదు కొట్టు లక్ష్మికి అప్పజెప్పి నాతో రైలెక్కాడు. దారిలో విత్తనాల మాట, వానల మాట. డాక్టరుగారి గది బయట హాల్లో పదిమంది దాకా ఉన్నారు. నా పేరు పిలిచారు. లేచాను. వాడూ సగం లేచి ఆగిపోయాడు.

"లోపలికి రానా నాన్నా, బయట ఉండనా?"

నా కొడుకు నన్ను అలా అడగడం నాకు తెలిసి అదే మొదటిసారి. తలుపు దగ్గర నర్సు తొందరపెడుతోంది. అయినా కాసేపు ఆలోచించుకున్నాను.

"ఇవాళ్టికి బయట కూర్చో."

"సరే," అని కూర్చున్నాడు. నేను లోపలికి వెళ్ళాను.